తళతళల వెనక లెక్కలు

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గిందని పేపర్లన్నీ పండగ చేశాయి. ఒంటిసబ్బు, షాంపూ, తలనూనె, టూత్‌పేస్టు 18 శాతం నుంచి 5 శాతానికి దిగొచ్చాయి. సంతోషమే! కానీ ఆ జాబితాని ఓపిగ్గా చివరిదాకా చదివిన ఇల్లాళ్ళు ఒక సంగతి గమనించే ఉంటారు. ఒళ్ళు కడుక్కునేవి తగ్గాయి గానీ ఇల్లు కడుక్కునేవి తగ్గలేదు. బట్టల పొడి, నేల తుడిచే ద్రవం, ఫినాయిలు పాత 18 దగ్గరే ఉండిపోయాయి.

ఒంటిసబ్బు ఇంట్లో అందరూ వాడతారు కాబట్టి దాని ధర అందరికీ గుర్తుంటుంది. గిన్నెల సబ్బు, ఫినాయిలు ఎవరి చేతిలో ఉంటాయో వాళ్ళకే గుర్తుంటాయి. నెల సరుకుల చీటీలో బియ్యం, కందిపప్పు, నూనె అన్నీ అయ్యాక ఎక్కడో అడుగున రాసే ఈ పద్దు ఎంత పెరిగిందో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. మా అమ్మ కాపురంలో బట్టలకో సబ్బు, నేలకి కాస్త ఫినాయిలు. అంతే. ఇప్పుడు మా పెందుర్తిలో ఓ మామూలు ఉద్యోగస్తుల ఇంట్లో స్నానాలగది గూడు తెరిస్తే బట్టల పొడి, కాలరు మరకలకి ఇంకోటి, బట్టలు మెత్తగా ఉండడానికి మరోటి, గిన్నెలకో సీసా, నేలకో సీసా, టాయిలెట్‌కో సీసా, అద్దాలకో స్ప్రే. వెరసి ఏడు!

దీనికి విరుగుడుగా ఇప్పుడు ఎక్కడ విన్నా ఒకటే సలహా. "ఇంట్లోనే చేసుకోండి. డబ్బుకి ఆదా, పర్యావరణానికి మేలు!" నిమ్మతొక్కలు, కుంకుడుకాయలు, వంటసోడా, వెనిగర్ కలిపితే చిటికెలో తయారట. వినడానికి బాగానే ఉంటుంది. నిజమెంత? ఖర్చు తగ్గుతుందా? మురికి పోతుందా? గెడ్డలకీ చెరువులకీ మేలు జరుగుతుందా? అన్నిటికీ మించి, ఆ చేసేదెవరు? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు వెతక్కుండా సలహా ఇచ్చేయడం తేలికే.

బూడిద ఎందుకు పోయింది?

మన అమ్మమ్మలకి ఈ విద్యలన్నీ వచ్చు. ఇత్తడి చెంబుకి చింతపండు. అంట్లకి బూడిద, కొబ్బరిపీచు. తలకీ, పట్టుచీరకీ, బంగారానికీ కుంకుడు. చాకిరేవులో చవుడు. వీటి వెనక మంత్రమేమీ లేదు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేటు అనే క్షారం ఉంటుంది. అది గిన్నెకున్న జిడ్డుని విడగొట్టి నీళ్ళలో కొట్టుకుపోయేలా చేస్తుంది. చింతపండులోని పులుపు, అంటే టార్టారిక్ ఆమ్లం, ఇత్తడి మీది చిలుముని కరిగిస్తుంది. కుంకుడు తొక్కులో సపోనిన్లు అనే నురగ పదార్థాలుంటాయి. అవి సబ్బులాగే జిడ్డుని పట్టి లాగుతాయి.

మరి ఇంత మంచివాటిని ఎందుకు వదులుకున్నాం? "ఆడవాళ్ళకి బద్ధకం పెరిగింది" అనేవాళ్ళకి ఎప్పుడూ కొదవ లేదు. అసలు కథ వేరు. 1959లో సర్ఫ్ మన దేశంలో మార్కెట్లోకి వచ్చింది. చాలాకాలం అది ఉన్నవాళ్ళ ఇళ్ళ సరుకు. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ అనే ఉద్యోగి తన ఇంటి పెరట్లో పొడి కలిపి, సైకిలు మీద పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మాడు. అదే నిర్మా. దాని చౌక ధర మధ్యతరగతి ఇళ్ళ తలుపులు తెరిపించింది. బట్టల్ని ఉడకబెట్టడం, బండకేసి బాదడం తగ్గాయి. నడుం పట్టేసిన ఆడదానికి అది బద్ధకం కాదు, ఊపిరి.

బూడిద కథ ఇంకా విచిత్రం. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద పేద మహిళలకి గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. ఇంటింటికీ గ్యాసు వస్తున్నకొద్దీ కట్టెలపొయ్యి పొగ తగ్గింది, ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ తెరిపిన పడ్డాయి. పొయ్యితోబాటే బూడిదా పోయింది. ఇప్పుడు అదే బూడిదని అందమైన ప్యాకెట్లో పోసి 'సహజమైన గిన్నెల పొడి' అని అమ్ముతున్నారు. పెరట్లో పారబోసినదాన్ని డబ్బిచ్చి కొనుక్కునే రోజులొచ్చాయి!

అలాగని బూడిద కోసం మళ్ళీ పొగలో కూర్చోలేం కదా. ఇప్పటి మన సింకుల కింద సన్నటి ప్లాస్టిక్ గొట్టాలుంటాయి. బూడిదా, కుంకుడు పిప్పీ అందులో పోస్తే నాలుగురోజుల్లో పూడిపోతాయి. నాన్‌స్టిక్ మూకుడిని బూడిదతో తోమితే పూత లేచిపోతుంది. కాబట్టి పాతదంతా బంగారమనుకోవడమూ తప్పే, కొత్తదంతా విషమనుకోవడమూ తప్పే. ఈనాటి ఇంటికి, ఈనాటి గిన్నెకి ఏది పనికొస్తుందో ఏరుకోవడమే తెలివి.

ఇంట్లో కలిపిందల్లా మేలేనా?

ఇంట్లో చేసుకున్నదంటే పర్యావరణానికి మంచిదే అయ్యుంటుందని మనం అనుకుంటాం. ఈ రెండూ ఒకటి కావు. డ్వాక్రా సంఘాల కాలం నుంచీ మహిళలకి నేర్పే స్వయం ఉపాధి పనుల్లో ఫినాయిలు, బట్టల పొడి, గిన్నెల ద్రవం తయారీ తరచూ కనిపిస్తాయి. అవి ఎలా చేస్తారు? యాసిడ్ స్లర్రీ అనే చిక్కటి గోధుమరంగు ద్రవం క్యాన్లలో కొనుక్కొస్తారు. దాన్ని సోడాతో కలిపి ఉప్పు, రంగు, సెంటు చేరిస్తే బట్టల పొడి. పైన్ నూనెతో చేసిన చిక్కటి ద్రవంలో నీళ్ళు కలిపితే తెల్ల ఫినాయిలు. ఈ యాసిడ్ స్లర్రీ పెట్రోలియం నుంచి వచ్చే సరుకే. పెద్ద కంపెనీల పొడుల్లో నురగ తెప్పించేదీ ఎక్కువగా ఆ జాతిదే.

ఆ సంఘాల ఆడవాళ్ళు నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారంటే సంతోషమే. వాళ్ళ సరుకు ధర కూడా తక్కువ. కానీ ఆ స్లర్రీని చేతొడుగులు లేకుండా ముట్టుకుంటే చర్మం కాలుతుంది. కాలవలోకి పోయేది కూడా అదే సరుకు. ఇంట్లో కలిపినంత మాత్రాన దాని గుణం మారిపోదు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున మరో ప్రచారం ఉంది. 'కెమికల్స్ అస్సలు లేనిది' అనే ప్రచారం. రసాయనం అంటే మా వైపు వాళ్ళకి భయం ఊరికే రాలేదు. 2020 మే 7 తెల్లవారుజామున, పెందుర్తికి దగ్గర్లోనే ఉన్న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ తర్వాత ఏ ఘాటు వాసన తగిలినా ఉలిక్కిపడి కిటికీలు మూసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. ఆ భయాన్ని గౌరవించాల్సిందే. కానీ ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ళని నిలదీయాలి. ఆ మాటకొస్తే నిమ్మరసమూ రసాయనమే, ఉప్పూ రసాయనమే. చూడాల్సింది మూడు విషయాలు. ఎంత ఘాటైనది, ఎంత వాడుతున్నాం, వాడాక ఎక్కడికి పోతుంది.

కడిగిన నీళ్ళు ఎక్కడికి?

ఆ మూడో ప్రశ్నకి జవాబు మాకు కూతవేటు దూరంలోనే ఉంది. పెందుర్తి పక్కనే మేహాద్రిగెడ్డ జలాశయం. విశాఖ నగరం తాగే నీళ్ళలో దానికీ ఒక వాటా ఉంది. చుట్టూ ఒకప్పుడు పొలాలు, తోటలు. ఇప్పుడు కాలనీలు, అపార్టుమెంట్లు. మన వాషింగ్ మెషిను వదిలిన నీళ్ళు కాలవలోకి, కాలవ నీళ్ళు గెడ్డలోకి. పల్లానికి పోవడం తప్ప నీటికి మరో దారి తెలియదు. మనం పారబోసిన తెల్లటి నురగ తిరిగి తిరిగి ఏ కుళాయి దగ్గరికి చేరుతుందో ఆలోచిస్తే, శుభ్రం అన్న మాటకి అర్థమే మారిపోతుంది.

బట్టల పొడుల్లో నీటి గరుకుదనాన్ని విరవడానికి ఫాస్ఫేట్లు కలిపే పద్ధతి చాలాకాలంగా ఉంది. పొలానికి ఎరువెలాగో చెరువుకి ఫాస్ఫేటు అలాగ. మురుగులోని మిగతా సారంతో కలిసి అది నాచునీ, గుర్రపుడెక్కనీ ఏపుగా పెంచుతుంది. అవి కుళ్ళినప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు తేలిపోతాయి. బెంగుళూరులోని బెళ్ళందూరు చెరువు నురగ 2015లో రోడ్డు మీదికి ఎగిరి వాహనాల మీద పడిన ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. శుద్ధి చేయని మురుగు, అందులో కలిసిన డిటర్జెంట్లు కలిసి చేసిన నిర్వాకం అది.

ఐరోపా సమాఖ్య దేశాల్లో 2013 జూన్ 30 నుంచి ఇళ్ళలో వాడే బట్టల డిటర్జెంట్లలో ఫాస్ఫరస్‌కి గట్టి పరిమితి పెట్టారు. 2017 నుంచి గిన్నెలు కడిగే యంత్రాల సరుకుకీ ఆ పరిమితి వచ్చింది. అక్కడి ఆడవాళ్ళందరూ ఇళ్ళలో కుంకుళ్ళు నానబెట్టుకోవడం వల్ల వచ్చిన మార్పు కాదది. ప్రభుత్వం కంపెనీలకి నియమం పెట్టడం వల్ల వచ్చింది. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మన దగ్గరా ప్రయత్నం జరక్కపోలేదు. 1991లోనే కేంద్ర ప్రభుత్వం 'ఎకోమార్క్' అనే గుర్తు పెట్టింది. పర్యావరణానికి తక్కువ హాని చేసే సరుకు మీద వేసే ముద్ర అది. దాని బొమ్మ మట్టికుండ. సబ్బులు, డిటర్జెంట్లు కూడా ఆ పథకంలో ఉన్నాయి. మూడు దశాబ్దాలు దాటింది. మట్టికుండ బొమ్మ ఉన్న బట్టల పొడిని మీరెప్పుడైనా కొన్నారా? మా వీధి కొట్లో ప్యాకెట్లన్నీ తిప్పి చూశాను. ఒక్కదాని మీదా కుండ లేదు. 2024లో ఆ పాత పథకం స్థానంలో కొత్త నిబంధనలు తెచ్చారు. బాగానే ఉంది. కానీ ఆ ముద్ర గెజెట్‌లో ఉంటే మనకేం లాభం? కొట్లో ప్యాకెట్టు మీద కనబడాలి. బిస్కెట్ ప్యాకెట్టు మీద మైదా ఎంతో, చక్కెర ఎంతో రాస్తున్నప్పుడు, రోజుకి నాలుగుసార్లు చేతులు ముంచే గిన్నెల ద్రవంలో ఏముందో మనం తెలుసుకోవద్దా?

మురికిని బట్టి మందు

ఇక వంటింటి సంగతి. డాక్టరు ఒకే మాత్ర అన్ని జబ్బులకీ రాయడు కదా! మురికీ అంతే. ఇంట్లో కనిపించే మురికి ముఖ్యంగా మూడు రకాలు. జిడ్డు, గార, చిలుము. జిడ్డుకి సబ్బు గుణం గానీ, క్షారం గానీ కావాలి. గారకీ, చిలుముకీ పులుపు కావాలి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఏడు సీసాల్లో నాలుగు ఇంటికి రానక్కర్లేదు.

జిడ్డుకి కుంకుడు ద్రవం: 100 గ్రాముల కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసేయండి. లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి పొద్దున్నే పావుగంట మరిగించండి. చల్లారాక బాగా పిసికి గుడ్డలో వడగట్టండి. పిప్పి సింకులో కాదు, మొక్కల మొదట్లో వేయండి. మా విశాఖ ఉక్కకి ఈ ద్రవం బయట రెండురోజులకే పులుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది. గిన్నెలకి, నేలకి, పట్టు, నూలు చీరలకి పనికొస్తుంది. బోరు నీళ్ళలో మామూలు సబ్బు తెట్టు కడుతుంది గానీ కుంకుడు కట్టదు. తెల్లబట్టలకి మాత్రం వాడొద్దు, గోధుమరంగు ఎక్కుతుంది. నురగ తక్కువ వస్తుంది. నురగని చూసి మురికి పోయిందనుకోవడం ప్రకటనలు మనకి నేర్పిన అలవాటు. ఇంకో మాట. కుంకుడు సహజమైనదే అయినా దాని సపోనిన్లు చేపలకి పడవు. కాబట్టి మిగిలిన ద్రవాన్ని చెరువులో పారబోయకూడదు. మట్టిలో పోస్తే తొందరగానే విరిగిపోతుంది.

బట్టలకి చాకలిసోడా: వంటసోడా వేరు, చాకలిసోడా వేరు. చాకలిసోడా బోరు నీటి గరుకుదనాన్ని విరుస్తుంది. మామూలుగా వేసే బట్టల పొడిలో సగం, ఒక చెంచా చాకలిసోడా వేస్తే నూలు బట్టలు బాగానే వదులుతాయి. పట్టుకీ, ఉన్నికీ వద్దు. అల్యూమినియం గిన్నెలకి అస్సలు వద్దు, నల్లబడి తినేస్తుంది. చేత్తో కలపొద్దు, కర్రతో తిప్పండి.

గారకి నిమ్మ ఉప్పు: బోరు నీళ్ళ వల్ల కుళాయిలకీ, బకెట్లకీ, టాయిలెట్‌కీ పట్టే తెల్లటి గార సున్నం జాతిది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు గ్లాసుడు వేడినీళ్ళలో కరిగించి, పడుకోబోయే ముందు టాయిలెట్‌లో పోసి పొద్దున్నే బ్రష్షుతో రుద్దండి. కుళాయిలకైతే ఆ నీళ్ళలో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచితే చాలు.

నేలకి నిమ్మతొక్కల ద్రవం: దీన్నే బయో ఎంజైమ్ అంటున్నారు. ఒక పాలు బెల్లం, మూడు పాళ్ళు నిమ్మ, బత్తాయి, కమలా తొక్కలు, పది పాళ్ళు నీళ్ళు. అంటే 100 గ్రాములు, 300 గ్రాములు, లీటరు. పక్కనే అనకాపల్లి ఉండగా మాకు బెల్లానికి లోటేమిటి! ప్లాస్టిక్ సీసాలో పైన అయిదోవంతు ఖాళీ ఉంచి మూత పెట్టాలి. గాజు సీసా వద్దు, లోపల గ్యాసు పుట్టి పగిలే ప్రమాదం ఉంది. మొదటి నెలంతా రోజుకోసారి మూత వదులు చేసి మళ్ళీ బిగించాలి. మూడు నెలలకి వడగట్టి, బకెట్టు నీళ్ళలో చిన్నగ్లాసుడు వేసి నేల తుడుచుకోవచ్చు. ఇది సర్వరోగనివారిణి అని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. ఇందులో ముఖ్యంగా పనిచేసేది పులుపే. మామూలు దుమ్ముకి, వాసనకి చాలు. క్రిములని చంపే మందు మాత్రం కాదు.

ఇత్తడి, రాగి చిలుముకి చింతపండు, ఉప్పు. దీనికి మించినది ఇంతవరకూ రాలేదు. పులిహోరకి రసం తీసిన పిప్పి చాలు.

నేల ఏ రాయిదో మాత్రం ముందు చూసుకోండి. మన ఇళ్ళలో పరిచే కడప బండలు, తాండూరు బండలు సున్నపురాయి జాతివి. పాలరాయి కూడా అంతే. నిమ్మ ఉప్పు, వెనిగర్, తొక్కల ద్రవం, ఏ పులుపైనా వాటి నునుపుని తినేస్తుంది. ఆ నేలలకి కుంకుడు ద్రవమో, ఉత్త నీళ్ళో మంచిది.

కలపకూడనివి, కొనకూడనివి

వంటసోడా, వెనిగర్ కలిపితే బుస్సున పొంగుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది. నిజానికి క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపేసుకుని మిగిలేది ఉప్పునీళ్ళలాంటిదే. ఏదో ఒకటి విడిగా వాడుకుంటేనే పని జరుగుతుంది. అది అమాయకమైన పొరపాటు. ప్రాణం తీసే పొరపాటు ఇంకోటుంది. బ్లీచింగ్ పొడితో యాసిడ్ గానీ, టాయిలెట్ ద్రవం గానీ, నిమ్మ ఉప్పు గానీ, వెనిగర్ గానీ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూములో అది ఊపిరాడనివ్వదు. 'రెండూ కలిపితే ఇంకా బాగా పోతుంది' అన్న ఆలోచనే వద్దు.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు, వాంతులు పట్టుకున్నప్పుడు, కామెర్లు వచ్చినప్పుడు సహజం, సంప్రదాయం అని కూర్చోకూడదు. అప్పుడు బాత్‌రూముకి బ్లీచింగ్ నీళ్ళే సరైనవి. కిటికీ తెరిచి, ఒక్కటే వాడి, తర్వాత నీళ్ళతో కడిగేయాలి. మిగతా రోజుల్లో సబ్బునీళ్ళు చాలు. ఫినాయిలు ఘాటు వస్తేనే ఇల్లు శుభ్రమైందనుకుంటాం గానీ, శుభ్రానికి వాసనంటూ ఉండదు.

ఇక బాత్‌రూము యాసిడ్. ఆటోలో మైకు పెట్టుకుని, "ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్!" అని కేకేస్తూ వీధుల్లో అమ్మే సరుకు. ఈ సీసాని నేను ఇంట్లోకి రానివ్వను. కారణం గొట్టాలో, గెడ్డలో మాత్రమే కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి చనిపోయింది. ఆడపిల్లల తల్లులెవరూ ఆ డిసెంబరుని మరిచిపోలేదు. 2013 జులైలో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద కట్టడి పెట్టింది. కొన్నవాళ్ళ వివరాలు రిజిస్టరులో రాయాలి, గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకో అడగాలి, 18 ఏళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదు. గుమ్మంలోకొచ్చే ఆటోలో ఏ రిజిస్టరు ఉంటుంది? టాయిలెట్ గార పోగొట్టడానికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు చాలినప్పుడు, మన ఇళ్ళ గిరాకీతో ఆ వ్యాపారాన్ని మనమెందుకు బతికించాలి?

ఇంకో జాగ్రత్త. ఇంట్లో చేసిన ద్రవాలని కూల్‌డ్రింకు సీసాల్లో పోస్తే ఏముందో కాగితం మీద రాసి అతికించండి, పిల్లలకి అందని చోట పెట్టండి. ఎంత సహజమైనదైనా పిల్లాడు తాగితే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

మిగిలిందెంత? మిగిల్చిందెవరు?

ఇప్పుడు డబ్బు లెక్క. మా నలుగురి ఇంటి లెక్క ఇది. ధరలు ఊరుని బట్టీ కొట్టుని బట్టీ మారతాయి. ఏడు సీసాల రోజుల్లో నెలకి బట్టల పొడి, గిన్నెల ద్రవం, నేలది, టాయిలెట్‌ది, అద్దాలది, మిగతావీ కలిపి దాదాపు 720 రూపాయలు అయ్యేది. ఇప్పుడు బట్టల పొడి కిలో 120, చాకలిసోడా 40, అరకిలో కుంకుళ్ళు 100, నిమ్మ ఉప్పు 30, బెల్లం 20, జిడ్డు మూకుళ్ళకి గిన్నెల సబ్బు 40, బ్లీచింగ్ పొడి 20. మొత్తం 370. నెలకి 350, ఏడాదికి 4,200 రూపాయలు మిగులు. చిన్న మొత్తమేం కాదు.

కానీ ఈ లెక్కలో ఒక అంకె ఎవరూ వేయరు. కుంకుళ్ళు కొట్టడం, మరిగించడం, వడగట్టడం, సీసాల మూతలు తీసి పెట్టడం, అన్నీ కలిపి నెలకి మూడుగంటల పని. అంటే ఆ 350 రూపాయలు మిగులు కాదు. ఆ మూడుగంటలకి కూలి. ఉద్యోగానికి పొద్దున్నే బస్సెక్కి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే ఆడదానికి ఆ మూడుగంటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? నిద్రలోంచి తీయాలి. భూమిని కాపాడే బాధ్యత కూడా ఆడదాని నిద్రలోంచే తీస్తామంటే అది న్యాయం కాదు. సీసా మూత తీసి పెట్టడానికి, కుంకుళ్ళు వడగట్టడానికి మీసాలు అడ్డురావు. ఇంట్లో మగవాళ్ళకీ, ఎదిగిన పిల్లలకీ ఈ పనిలో వాటా ఇవ్వండి. ఆ వాటా కుదరని ఇంట్లో ఒక్క నిమ్మ ఉప్పు మార్పు చేసుకున్నా చాలు. అన్నీ చేయలేకపోయామని ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

మరో జత చేతుల సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో పనిచేసే ఆవిడ అయిదిళ్ళలో అంట్లు తోముతుంది. అయిదిళ్ళలో అయిదు రకాల పొడులు. ఒకసారి నాకు తన వేళ్ళ సందులు చూపించింది. పగుళ్ళు, వాటిలో ఎరుపు. "ఈ పౌడర్లు సేతుల్ని తినెత్తన్నాయమ్మా. ఏ ఇంట్లో ఏటి ఏత్తారో మాకేటి తెలుస్తాది?" అంది. ఎంత నిజం! ఏ మందు ఎంత వేయాలో నిర్ణయించేది మనం, అందులో చెయ్యి పెట్టేది ఆవిడ. మనం పర్యావరణం అంటే అడవులు, సముద్రం అనుకుంటాం. ఆవిడ చేతుల చర్మమూ అందులోదే. కుంకుడు ద్రవం వాడకం మొదలెట్టాక "మా ఇంట్లో మంట లేదు" అంది ఆవిడ. మిగతా నాలుగిళ్ళలో మాట ఏమిటి? ఓ జత రబ్బరు తొడుగులు కొనివ్వడానికి ఏ ఉద్యమమూ అక్కర్లేదు.

మనం అడగాల్సినవి

ఇంటి గడపలో చేయగలిగింది చేశాక గడప దాటి అడగాల్సినవి కొన్నున్నాయి.

గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. కొండల్లో గిరిజనులు ఏరి తెచ్చే కుంకుళ్ళు, శీకాయ, చింతపండు, తేనె, కొండచీపుర్లు కొంటుంది. అరకు వెళ్ళే దారి మా పెందుర్తి మీదుగానే. కొండ మీద కుంకుడు ఏరే గిరిజన స్త్రీకీ, కింద గిన్నెలు తోమే స్త్రీకీ మధ్య ఇంత చిన్న దూరం ఉంది. తలకి వాడే కుంకుడు పొడి అమ్మినట్టే, గిన్నెలకీ నేలకీ పనికొచ్చే కుంకుడు ద్రవం చౌకగా, సీసా తెచ్చుకుంటే నింపి ఇచ్చేలా వార్డు వార్డుకీ అందుబాటులోకి తెస్తే నా మూడుగంటలూ మిగులుతాయి, ఆవిడకి గిట్టుబాటూ దొరుకుతుంది.

మహిళా సంఘాలకి ఫినాయిలు తయారీ నేర్పేవాళ్ళు యాసిడ్ స్లర్రీతోబాటు చేతొడుగులూ, కళ్ళజోడూ కూడా ఇవ్వాలి. వీలైనచోట కుంకుడుతో, నిమ్మ ఉప్పుతో చేసే సరుకూ నేర్పాలి. వంద ఇళ్ళలో వందమంది విడివిడిగా చేసే చాకిరీని పదిమంది సంఘంగా చేస్తే అది ఉపాధి అవుతుంది.

ప్యాకెట్టు మీద ఏం కలిపారో తెలుగులో రాయాలి. మట్టికుండ ముద్ర కొట్లోకి రావాలి. మంచి సరుకు తయారుచేసినవాళ్ళకి పన్ను తగ్గాలి. ఒంటిసబ్బు మీద తగ్గించగలిగిన ప్రభుత్వానికి ఆ ముద్ర ఉన్న బట్టల పొడి మీద తగ్గించడం అసాధ్యమేమీ కాదు. అప్పుడు చౌకదీ, మంచిదీ ఒకటే అవుతుంది. పేదింటి ఆడది గెడ్డ కోసం తన కొంగుముడి విప్పనక్కర్లేదు.

అంతవరకూ గూట్లో ఉన్న ఏడు సీసాలూ దించి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, దీనితో పోయే మురికి ఏ రకందో అడగండి. జిడ్డా, గారా, చిలుమా? జవాబు దొరికిన సీసాని అయిపోయాక మళ్ళీ కొనాలో వద్దో మీకే తెలుస్తుంది. ఆ చీటీ రాసే కలం ఇంకా మన చేతిలోనే ఉంది.